స్ట్యూలో మాంసం ఎందుకు మొండికేస్తుంది?

"బీఫ్ స్ట్యూ గంటసేపు ఉడికించాను. ఎంత నమిలినా ముక్క నలగడం లేదు. ఎక్కువ ఉడికిందా, తక్కువ ఉడికిందా?" అని ఒక పాఠకురాలు అడిగారు. రెండూనండీ! కండ ఎక్కువే ఉడికింది. కండను పట్టి ఉంచే కొలాజెన్ మాత్రం ఇంకా ఉడకలేదు.

వేడి తగిలితే ప్రోటీన్ గడ్డకడుతుందని బడిలో కోడిగుడ్డు చూపించి చెబుతారు. పాఠం అక్కడితో సరి. కండలోని మయోసిన్, ఆక్టిన్‌లకు ఆ పాఠం చాలు: మొదటిది 50 డిగ్రీలు దాటాక, రెండోది 70 దరిదాపుల్లో బిగుసుకుని నీటిని బయటికి తోసేస్తాయి. అసలు తమాషా కొలాజెన్‌ది. అది వేడికి కరిగిపోయే ప్రోటీన్.

కొలాజెన్ అణువంటే మూడు పేటల తాడు. ఒక్కో పేటలో సుమారు 1000 అమైనో ఆమ్లాలు. తాడు పొడవు 300 నానోమీటర్లు, మందం ఒకటిన్నర. పేటలు ఎంత బిగువుగా పెనవేసుకుంటాయంటే, తాడు నడిమధ్య చోటే మిగలదు. అందుకే పేటలో ప్రతి మూడో స్థానం గ్లైసీన్‌ది. అమైనో ఆమ్లాలన్నిటిలోకీ చిన్నది అదే మరి. పేటలు విడిపోకుండా హైడ్రోజన్ బంధాలు ఆపుతాయి, హైడ్రాక్సీప్రోలీన్ అనే అమైనో ఆమ్లం మెలికకు బిగువునిస్తుంది. దాని తయారీకి విటమిన్ సి కావాలి. అది అందని పాతకాలపు నావికులకు చిగుళ్లు చివికిపోయి, మానిన గాయాలు మళ్లీ తెరుచుకునేవి. ఒంట్లో కొత్తగా పేనిన తాళ్లు నిలవలేదు కనుక.

ఇప్పుడు గిన్నెలోకి వద్దాం. 60–65 డిగ్రీల దగ్గర తాడు మెలిక వీడుతుంది. వీడిన పేట సాగి ఉండదు, ముడుచుకుపోతుంది. కండ చుట్టూ ఉన్న తాళ్లన్నీ అలా కురచబడితే? కండను పిండేస్తాయి! మన పాఠకురాలు నమిలింది ఈ దశలో ఉన్న ముక్కనే. పొయ్యి ఆపకుండా ఉంటే పేటలు మెల్లగా జారి నీళ్లలో కలుస్తాయి. అదే జెలటిన్. సన్నని సెగ మీద ఇందుకు రెండు మూడు గంటలు పడుతుంది. పశువు వయసు పెరిగేకొద్దీ పక్కపక్క తాళ్ల మధ్య వేడికి లొంగని ముడులు పడతాయి, కాబట్టి ముదురు మాంసానికి ఇంకా ఓపిక పట్టాలి. వండినది చల్లారితే పేటలు మళ్లీ పెనవేసుకోబోయి, అక్కడక్కడ మాత్రమే కలుస్తాయి. ఫ్రిజ్‌లో పెట్టిన పులుసు గడ్డకట్టేది అందుకే.

ఉడికిన ముక్క మళ్లీ రసమూరిందనుకుంటాం. పోయిన నీరు తిరిగి రాలేదు. నారల మధ్య పట్టు సడలింది, వాటికి అంటిన జెలటిన్ నాలుకను ఏమారుస్తోంది, అంతే. అందుకే కొలాజెన్ తక్కువగా ఉండే నడుం కండ స్ట్యూకి దండగ. ఎన్ని గంటలు పెట్టినా పొడిపీచే మిగులుతుంది. పిక్క, భుజం, తోక తీసుకోండి.

ముక్కల్ని ముందుగా వేయిస్తే రసం లోపలే ఆగిపోతుందనే మూఢనమ్మకం ఇంకా పోలేదు. 19వ శతాబ్దంలో దానికి పరపతి తెచ్చింది జస్టస్ ఫాన్ లీబిగ్ అంతటి రసాయన శాస్త్రవేత్త! పెనం మీద వినిపించే ఆ చిటపటలు బయటికొచ్చిన రసం ఆవిరయ్యే చప్పుడే కదా. అయినా వేయించండి, రుచి కోసం. రంగునీ కమ్మదనాన్నీ ఇచ్చే మయార్ చర్య 140 డిగ్రీలు దాటాక జోరందుకుంటుంది, మరిగే నీళ్లలో నత్తనడక నడుస్తుంది.

తొందరుంటే ప్రెషర్ కుక్కర్ ఉంది. లోపల 120 డిగ్రీల దాకా వెళ్తుంది, పేటలు త్వరగా జారతాయి. 1679లో ఫ్రెంచి శాస్త్రవేత్త డెనీ పపాఁ దీని తాతను చేసింది ఎముకల్ని మెత్తబరచడానికే.

ఇక టమాటా సంగతి. పులుపు కొలాజెన్ విడివడటానికి సాయపడుతుంది. కానీ అదే పులుపులో బంగాళాదుంప, క్యారెట్ కణాల గోడల్లో జిగురులా పట్టి ఉంచే పెక్టిన్ సులువుగా కరగదు. టమాటా మొదట్లోనే వేస్తే, దుంపల్ని విడిగా ఉడికించి చివర్లో కలపండి.