కాలిన చేతికి పేస్టు, పసుపు ఎందుకు?

మొన్న మూకుడులో నూనె చింది పక్కింటావిడ మణికట్టు మీద పడింది. నేను వెళ్లేసరికే టూత్‌పేస్టు మందంగా పట్టించి, పైన పసుపు కూడా చల్లేశారు. కుళాయి రెండడుగుల దూరంలోనే ఉన్నా చేతిని నీళ్ల కింద పెట్టలేదు. నీళ్లు తగిలితే బొబ్బలెక్కుతాయని ఇంట్లో పెద్దావిడ పట్టు. ఆవిణ్ణి అనడానికేం లేదు, డాక్టర్లు కూడా చాలాకాలం గాయం మీద ఏం పూయాలా అనే చూశారు గానీ ఒంట్లోంచి ఏం పోతోందో చూడలేదు.

కాలిన చర్మంలో పుట్టిన విషమే ప్రాణం తీస్తుందని అప్పట్లో గట్టి నమ్మకం. 1921లో అమెరికాలోని న్యూ హేవెన్‌లో రియాల్టో థియేటర్ తగలబడినప్పుడు, గాయపడినవాళ్ల బొబ్బల్లోని నీటిని యేల్ ప్రొఫెసర్ ఫ్రాంక్ అండర్‌హిల్ పరీక్షించాడు. అది ఉత్త నీరు కాదు, ఉప్పూ ప్రోటీన్లూ ఉన్న, దాదాపు రక్తంలోని ప్లాస్మా, అంటే రక్తకణాలు పోగా మిగిలే ద్రవం. అది అలా కారిపోతుంటే రక్తం చిక్కబడి, బీపీ పడిపోయి మనిషి షాక్‌లోకి, అంటే అవయవాలకు రక్తం చాలని స్థితిలోకి వెళ్తాడు.

ఇంత తెలిశాక కూడా 1925లో టానిక్ యాసిడ్ వచ్చింది, తోళ్ల పరిశ్రమలో వాడేదే. పూస్తే గాయం మీద గట్టి పెచ్చు కట్టేది, కానీ దాని కింద చీము పట్టేది, వేళ్లు బిగుసుకుపోయేవి. రెండో ప్రపంచయుద్ధంలో ఇంగ్లండ్‌లోని ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లో సర్జన్ ఆర్చిబాల్డ్ మెకిండో ఒక సంగతి గమనించాడు. విమానం కూలి సముద్రంలో పడ్డ పైలట్ల గాయాలు, నేల మీద పడ్డవాళ్ల గాయాల కంటే బాగా మానుతున్నాయి. వెంటనే ఉప్పునీటి తొట్టెలు పెట్టించి, ఆ యాసిడ్ వాడకం మాన్పించడానికి గట్టిగా పోరాడాడు.

తర్వాత డల్లాస్‌లోని పార్క్‌ల్యాండ్ ఆసుపత్రి పేరుతో అలా కారిపోయే ద్రవానికి బదులు ఎంత సెలైన్ ఎక్కించాలో చెప్పే లెక్క 1968లో వచ్చింది: కిలోల్లో బరువు ఇంటూ ఒంటి మీద కాలిన శాతం ఇంటూ 4 మిల్లీలీటర్లు. 60 కిలోల మనిషికి 30 శాతం కాలితే మొదటి 24 గంటల్లో 7.2 లీటర్ల రింగర్ లాక్టేట్ అనే రకం సెలైన్. నాకైతే ఆ అంకె ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. చచ్చిన చర్మాన్ని తొందరగా పొరలు పొరలుగా తీసేసి కొత్త చర్మం అతికించే పద్ధతిని యుగోస్లావియా సర్జన్ జోరా యాంజెకోవిచ్ 1970లో లోకానికి చూపించింది.

పార్క్‌ల్యాండ్ లెక్కలో సగం సెలైన్, అంటే 3.6 లీటర్లు, మొదటి 8 గంటల్లో ఎక్కాలి. ఆ 8 గంటలు ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి కాదు, ఒళ్లు కాలిన నిమిషం నుంచి లెక్క. ఊళ్లో ఆటో దొరికేదాకా ఆగిన గంట, పట్నం ఆసుపత్రికి వెళ్లమని పంపేశాక దారిలో పోయిన రెండు గంటలు అందులోవే.