ఎల్‌డీఎల్ బాగున్నా గుండెపోటు ఎందుకు?

గుండెపోటు నుంచి బయటపడ్డ మనిషి ఫైల్ చేతికొస్తే ఇంటిల్లిపాదీ వెతికేది ఒక్క అంకె, ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్టరాల్. శ్రీకాకుళం వైపు అడిగే మాట: "కొవ్వు బాగానే ఉన్నాదని రాసేరు కదండీ, మరి నొప్పి ఏటికొచ్చినట్టు?"

ముందు ఆ రక్తం ఎప్పుడు తీశారో చూడాలి. గుండెపోటు వచ్చి ఒక రోజు దాటితే ఎల్‌డీఎల్ దానంతటదే పడిపోతుంది, కొన్ని వారాలు అలాగే ఉంటుంది. అందుకే 24 గంటల్లోపు తీసిన రక్తానికే విలువ. సోంపేట నుంచి విశాఖ చేరి, స్టెంట్ వేయించుకుని, మూడో రోజు పరీక్షలో 95 వచ్చిందంటే సంబరపడక్కర్లేదు.

పైగా చాలా ల్యాబులు ఎల్‌డీఎల్‌ని నేరుగా కొలవవు, 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రంతో లెక్కగడతాయి. మొత్తం కొలెస్టరాల్‌లోంచి హెచ్‌డీఎల్ అనే మంచి కొలెస్టరాల్‌నీ, ట్రైగ్లిజరైడ్లు అనే మరో రకం కొవ్వులో అయిదో వంతునీ తీసేస్తాయి. మొత్తం 190, హెచ్‌డీఎల్ 32, ట్రైగ్లిజరైడ్లు 250 అనుకోండి, ఎల్‌డీఎల్ 108 వస్తుంది. హెచ్‌డీఎల్ ఒక్కటే తీసేస్తే మాత్రం 158. లెక్కలో మాయమైన ఆ 50 కూడా నాళాలకు చెరుపు చేసేదే. మన దేశంలో తరచూ కనిపించే తీరు ఇదే: హెచ్‌డీఎల్ తక్కువ, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ. ఇలాంటి రక్తంలో ఎల్‌డీఎల్ రేణువులు చిన్నవి, సంఖ్యలో ఎక్కువ. పలాస జీడిపప్పు ఎన్ని కిలోలున్నా, చిన్న సంచుల్లో కడితే సంచులు పెరుగుతాయి కదా. నాళం గోడలోకి దూరేవి ఆ సంచులే. ఒక్కో రేణువుకి ఒక్కటే అపో-బి ప్రోటీన్ ఉంటుంది కాబట్టి ఆ పరీక్ష చేయిస్తే సంచుల లెక్కే తేలుతుంది.

ఇక అదే ఫైల్లో ఎకో, అంటే గుండె స్కానింగ్ రిపోర్టు. 'గోడ మందం 13 మి.మీ., కాన్సెంట్రిక్ ఎల్‌వీహెచ్' అన్న వరుసని ఎవరూ చదవరు. గుండె ఎడమ జఠరిక గోడ చుట్టూరా దళసరెక్కిందని దానర్థం. ఒంటికి రక్తం నెట్టే ఈ గది గోడ మామూలుగా 6 నుంచి 10 మి.మీ. ఉంటుంది. ఏళ్ల తరబడి బీపీకి ఎదురు నెట్టీ నెట్టీ కండరం దళసరెక్కుతుంది. కండరం పెరిగినంతగా దానికి రక్తం అందించే సన్న నాళాలు పెరగవు. అలాంటి గుండెలో రక్తనాళం మూసుకుపోతే దెబ్బ ఎక్కువ. ఈసీజీలో కూడా ఈ మందం గుండెపోటు గీతల్ని అనుకరించి డాక్టర్లని తికమక పెడుతుంది.

కొవ్వుకీ ఈ మందానికీ చుట్టరికం ఉందా? ట్రైగ్లిజరైడ్లు పెరిగిన వాళ్లలో గోడ దళసరిగా ఉండడం కద్దు. అయినా కొవ్వే గోడని పెంచిందనడం తొందరపాటని నా అభిప్రాయం. పొట్ట, షుగరు, బీపీ ఒకే ఇంట్లో కాపురముంటాయి. రెండింటికీ మూలం ఎక్కువగా అక్కడే.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో సంగతి ఇంకాస్త చిక్కు. కిడ్నీ జబ్బు ముదిరితే బీపీ పెరుగుతుంది, రక్తం తగ్గుతుంది. రెండూ గుండె గోడని మందం చేసేవే. అదే జబ్బు ట్రైగ్లిజరైడ్లని పెంచి హెచ్‌డీఎల్‌ని దించుతుంది, ఎల్‌డీఎల్ మాత్రం మామూలుగానే ఉండొచ్చు. కవిటి, కంచిలి, మందస మనుషుల చేతిలో ఉన్న 'నార్మల్' ఎల్‌డీఎల్‌ని నేనైతే అంత తేలిగ్గా నమ్మను.

ఈ మందం తగ్గించుకోవచ్చు. రెండు బీపీ మాత్రల్ని పోల్చి 2002లో వెలువడ్డ లైఫ్ అనే అధ్యయనంలో లోసార్టాన్ వాడినవాళ్లలో అటెనోలాల్ వాడినవాళ్లకంటే మందం ఎక్కువ తగ్గింది. కొవ్వు మాత్ర స్టాటిన్‌ని ఆ పని కోసం ఇవ్వరు, దాని పని నాళాల్లో. గోడ సంగతి చూసేది బీపీ మాత్ర, ఉప్పు తగ్గించడం. ఎండు మెత్తళ్లనీ ఆవకాయనీ ఉప్పు లెక్కలో ఎవరూ వేయరనుకోండి. బీపీ దిగిందని మాత్ర మానేసిన వాళ్లు తర్వాతి ఎకోకి పాత రిపోర్టు పట్టుకెళ్లి, ఆ 13 ఎటు కదిలిందో డాక్టర్ని అడగాలి.