నాయనమ్మ మంచం కింద ఇటుకలు

మిర్యాలగూడ
ఆదివారం

చిన్నీ, బుజ్జీ,

మొన్న వచ్చినప్పుడు నాయనమ్మ మంచానికి తలవైపు కోళ్ళ కింద రెండేసి ఇటుకలు ఎందుకున్నాయని అడిగారు. బస్సు టైమైందని చెప్పలేకపోయాను. ఇప్పుడు వినండి.

మన ఛాతీకీ పొట్టకూ మధ్య అడ్డంగా ఒక కండరాల తెర ఉంటుంది. డయాఫ్రమ్ అంటారు. దానిలోని రంధ్రం గుండా ఆహారనాళం దిగి కడుపును కలుస్తుంది. ఆ రంధ్రం నాడా సాగిన లాగులా వదులైతే, కడుపు పైభాగం ఛాతీలోకి జారుతుంది. ఇదే హయాటస్ హెర్నియా. దీనివల్ల కడుపులోని పులుపు గొంతువైపు ఎగదన్నవచ్చు. 50 దాటినవాళ్ళలో, ఒళ్ళు బరువైనవాళ్ళలో ఎక్కువ. చాలామందికి ఉన్నట్టే తెలియదు.

నాయనమ్మకు తెలిసింది, మాకే తెలియలేదు. రాత్రి పచ్చిపులుసుతో కడుపునిండా తిని పడుకుంటే, నడిరాత్రి గొంతులోకి పుల్లటి నీళ్ళు ఎగదన్నేవి. లేచి కూర్చుంటే తగ్గేది. పొద్దున వాకిట్లో ముగ్గుకు వంగగానే ఎదలో మంట, పులితేన్పులు. గొంతు బొంగురు, వదలని పొడి దగ్గు. రెండేళ్ళు మేం 'గ్యాసే' అన్నాం. సోడాలు తాగించాం, దగ్గుమందు సీసాలు ఖాళీ చేయించాం. వంగినప్పుడు, పడుకున్నప్పుడే ఎందుకొస్తోందని ఒక్కరమూ ఆలోచించలేదు, నాతో సహా.

చివరికి ఎండోస్కోపీ చేశారు. నోట్లోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి చూడటమన్నమాట. హెర్నియా చిన్నదే, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. పరగడుపున ఒక మాత్ర ఇచ్చారు. రాత్రి తిండి ఏడుకే ముగించి, మూడు గంటలు ఆగి పడుకోమన్నారు. మంచం తలవైపు ఆరంగుళాలు లేపమన్నారు. దిండ్లు పేరిస్తే చాలదట, నడుం దగ్గర ఒళ్ళు మడతపడి పొట్ట ఇంకా నొక్కుకుంటుందట.

ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఛాతీలో నొప్పి వస్తే గ్యాసో హెర్నియానో అని ఇంట్లో తేల్చొద్దు. గుండెపోటూ అలాగే ఉంటుంది. చెమటలు పట్టినా, ఆయాసమొచ్చినా, నొప్పి చేతికో దవడకో పాకినా 108కి ఫోన్ చేయండి. నెత్తురు వాంతి అయినా, దొడ్డికి తారులా నల్లగా వెళ్ళినా, ముద్ద గొంతు దిగకపోయినా వెంటనే ఆస్పత్రికే.

ముగ్గు ఇప్పుడు నేనే వేస్తున్నాను. చుక్కలు వంకరపోతున్నాయని మీ నాయనమ్మ అరుగు మీద నిలబడి రోజూ తిడుతోంది.

మీ తాత