మిరప గింజకు వెచ్చదనం, మొలకకు వెలుతురు

ఫిబ్రవరి రెండో వారం. గుంటూరు మిర్చి యార్డులో ఎర్రటి మిర్చి టిక్కీలు (బస్తాలు) గుట్టలుగా పడే రోజులు. సరిగ్గా అప్పుడే ఇక్కడ ఇంగ్లండులో, వంటింటి బల్ల మీద నేను మిరప గింజలు నాటుతుంటాను. కిటికీలోంచి చూస్తే గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుని ఉంటుంది.

మన దగ్గర జులై, ఆగస్టుల్లో నారు పోసి, ఆరు వారాలకు పొలంలో నాటి, చలికాలమంతా పైరును పెంచి కాయ కోస్తారు. ఇక్కడ అది కుదరదు. మిరప అమెరికా ఖండాల్లోని వెచ్చని నేలల్లో పుట్టిన మొక్క. మంచు పట్టిన ఒక్క రాత్రికే ఆకుల్లో నీరు గడ్డకట్టి కణాలు చితికిపోతాయి, పొద్దున్నకి మొక్క ఉడికిన తోటకూరలా వేలాడుతుంది. మేముండే చోట మే సగం దాకా ఆ భయం పోదు, అక్టోబరులో మళ్ళీ మొదలు. గింజ నుంచి పండు మిరపకాయ దాకా సుమారు ఐదు నెలలు కావాలి. మేలో గింజ వేస్తే కాయ ఎరుపెక్కేసరికి చలి మీద పడుతుంది. కాబట్టి మే నుంచి వెనక్కి లెక్కేసుకుని, మొదటి మూడు నెలలూ ఇంట్లోనే పెంచుతాం.

ఇంట్లో నారు పోసేవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఒకేచోట. గింజకు ఏం కావాలో మొలకకూ అదే కావాలనుకుంటారు. ఆ రెండింటి అవసరాలూ దాదాపు ఎదురెదురు.

గింజ సంగతి ముందు. అరచేతిలో పెట్టుకుని చూస్తే గడ్డిరంగులో, పలచటి బిళ్ళలా ఉంటుంది. గ్రాముకు 150 దాకా తూగుతాయి. లోపల పిండం చుట్టగా ముడుచుకుని ఉంటుంది, దాని చుట్టూ అంకురచ్ఛదం అనే గట్టి పప్పు. తడి తగలగానే గింజ నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది. ఆ తర్వాత రోజుల తరబడి పైకి ఏమీ కనపడదు. చాలామంది ఓపిక పోయి మట్టి కెలికేది అప్పుడే. నిజానికి అసలు పని జరిగేదీ అప్పుడే. పిండం జిబ్బరెల్లిన్ అనే హార్మోనును తయారు చేస్తుంది. దాని ప్రభావంతో వేరు మొన ఎదురుగా ఉన్న పప్పు పొరలో ఎంజైములు పుట్టి, కణాల గోడల్ని మెత్తబరుస్తాయి. అక్కడ తగినంత మెత్తబడ్డాకే వేరు తోసుకుని బయటికి రాగలదు.

ఎంజైముల వేగం వేడిని బట్టి ఉంటుంది. మట్టి 25 నుంచి 30 డిగ్రీలుంటే వారం, పది రోజుల్లో మొలక కనిపిస్తుంది. 20 డిగ్రీలైతే రెండు మూడు వారాలు పట్టొచ్చు. 15కి దిగితే గింజ పలకడం కష్టం, చల్లటి తడిలో కుళ్ళిపోవడమే ఎక్కువ. నాగాలాండ్, అసోం వైపు పండే భూత్ జొలోకియా లాంటి రకాలు వెచ్చగా ఉంచినా నెల దాకా తీసుకుంటాయి. ఇక్కడి పాత ఇళ్ళలో వేణ్ణీళ్ళ ట్యాంకు పెట్టే అల్మరా ఒకటి ఉంటుంది. చీకటిగా ఉన్నా వెచ్చగా ఉంటుంది, గింజకు అంతకంటే మంచి చోటు లేదు.

మొదటి ఏడాది ట్రే అందులో పెట్టి, ఎనిమిదో రోజు కూడా ఏమీ లేదే అనుకుని రెండు రోజులు ఊరెళ్ళాను. వచ్చి తలుపు తీస్తే వేలెడంత పొడవున తెల్లటి దారాలు, ఒకదాని మీద ఒకటి వాలిపోయి ఉన్నాయి. ఒక్కటీ దక్కలేదు. ఏడుపొచ్చినంత పనైంది.

మొలక అలా సాగడం దాని తెలివి. చీకటిగా ఉందంటే ఇంకా మట్టిలోనే ఉన్నానని దాని లెక్క. దాచుకున్న తిండంతా కాండం పొడవుకే ఖర్చు పెడుతుంది. లేత చిగురు మట్టికి రాసుకోకుండా మెడ కొక్కెంలా వంచుకుని, వీపుతో నేలను తోస్తుంది. వెలుతురు తగలగానే ఫైటోక్రోమ్ అనే వర్ణకం దాన్ని పసిగడుతుంది. మెడ నిటారుగా లేస్తుంది, సాగుడు తగ్గుతుంది, ఆకుపచ్చ పట్టుకుంటుంది. కాబట్టి మొదటి మెడ కనిపించిన పూటే ట్రేను వెలుతురులోకి మార్చాలి. మిగతా గింజలు మొలవలేదని ఆగకూడదు.

మార్చేది కిటికీ దగ్గరికే అయితే అదీ చాలదు. మన కంటికి వెలుగ్గానే అనిపించినా, ఫిబ్రవరిలో ఇక్కడి కిటికీ వెలుతురు మొక్క కడుపు నింపదు. ట్రేకు జానెడు ఎత్తులో ఎల్‌ఈడీ దీపం పెట్టి, రోజుకు 14 గంటలు వెలిగిస్తాను. ఇప్పుడు వేడి తగ్గించాలి, 18 నుంచి 20 డిగ్రీలు చాలు. వేడి ఎక్కువై వెలుతురు తక్కువైతే నారు మళ్ళీ పీలగా సాగుతుంది. రోజుకోసారి అరచేత్తో నారు మీద మెల్లగా నిమురుతాను. గాలికి ఊగిన మొక్కలాగే, ఇలా కదిలించిన మొలకలు కూడా పొట్టిగా, గట్టిగా పెరుగుతాయి.

నీళ్ళు ట్రే అడుగున పోయాలి. పైమట్టి ఎప్పుడూ తడిగా ఉంటే పిథియం లాంటి, శిలీంధ్రాన్ని పోలిన సూక్ష్మజీవి చేరి, మొలకలు మొదలు దగ్గర నల్లబడి పడిపోతాయి. మన రైతులు నారు కుళ్ళు అనేది దీన్నే.

అప్పుడప్పుడు ఒక మొలక గింజ తొక్కను టోపీలా నెత్తిన పెట్టుకునే వస్తుంది. లోపల బీజదళాలు, అంటే మొదటి జంట ఆకులు, రెండూ అతుక్కుపోయి విచ్చుకోలేవు. లాగితే మెడ తెగుతుంది. వేలి కొసతో ఒక నీటిబొట్టు దాని మీద ఉంచి, పావుగంట వదిలేస్తాను. తొక్క నాని మెత్తబడ్డాక పక్కకు జరిపితే జారిపోతుంది. నిన్న అలా ఒకదాని టోపీ తీశాను. సాయంత్రానికి బీజదళాలు రెండూ విడిపోయి దీపం వైపు చాచుకున్నాయి.