ఎద్దుమైలారంల నీళ్లల్ల ఈదే బండ్లు తయారైతయ్, మరి హన్మకొండ వరదకెందుకు రావు?

వాన గట్టిగ కొట్టి హన్మకొండ కాలనీలు మునిగినప్పుడల్లా గ్రూపులల్ల ఇదే లొల్లి, సంగారెడ్డి పక్కన ఎద్దుమైలారంల ఈదే యుద్ధ బండ్లు తయారైతుంటే మనం ఇంకా రబ్బరు పడవల కోసం ఎదురు చూసుడేంది అని. రెండో ప్రపంచ యుద్ధంల ఫ్రాన్స్‌ల నార్మండీ తీరానికి ఇసొంటి బండ్లు పోయిన ముచ్చట తెల్సిందే, అసలు ముచ్చట అంతకు ముందటిది.

1928ల అమెరికాల ఫ్లోరిడాల తుఫానుకు ఒకీచోబీ సరస్సు కట్ట తెగి రెండు వేల మందికి పైగా పోయిండ్రు. ఆ బురదల పడవ పోదు, ట్రక్కు దిగబడ్తది. ఇసొంటి టైముల జనాన్ని బయటికి తెచ్చేతందుకే డొనాల్డ్ రోబ్లింగ్ అనేటాయన 1935ల ఎలిగేటర్ అనే బండి కట్టిండు. చెయిన్ పట్టాలకు అడ్డంగ రేకులు బిగిచ్చిండు, నేల మీద ఆ రేకులే పట్టు, నీళ్లల్ల అవే తెడ్లు. మొదటిది నీళ్లల్ల మస్తు స్లో, ఇప్పి మళ్ల మళ్ల కట్టుకుంట పోయిండు. 1937ల లైఫ్ పత్రికల ఫొటోలు పడ్డంక సముద్రం దిక్కు నుంచి దాడి చేసే అమెరికా మెరైన్ సైన్యం కన్ను పడ్డది, ఇగ అయిపాయె, వరద బండి కాస్తా ఎల్‌వీటీ అనే సైన్యం బండి అయ్యి 1943 నవంబర్ల జపాన్‌తోటి యుద్ధంల పసిఫిక్ సముద్రంల తరావా దీవి కాడ తేలింది. అక్కడ నీళ్లు తక్కువుండి మామూలు పడవలు పగడపు దిబ్బ కాడనే ఆగినయ్, వాటిల ఉన్నోళ్లు గుండ్ల వానల నడిచి పోవాల్సొచ్చింది, ఇవి మాత్రం పాక్కుంట దిబ్బ దాటినయ్.

నీళ్లల్ల ఈదే డక్ అనే అమెరికా ఆర్మీ ట్రక్కు సంగతీ అంతే. ఆర్మీ పెద్దలు అనుమానపడుతున్నప్పుడే 1942 డిసెంబర్ల అమెరికాల ప్రావిన్స్‌టౌన్ తీరం కాడ ఇసుక దిబ్బకెక్కిన కోస్ట్‌గార్డ్ బోటుల నుంచి ఏడుగుర్ని ఈ ట్రయల్ బండే తెచ్చింది, నోళ్లు మూతపడ్డయ్, తర్వాత 21,000 దాకా చేసిండ్రు. డ్రైవర్ సీట్ల కూసోనే టైర్ల గాలి తగ్గియ్యొచ్చు, ఇసుకల దిగబడకుంట.

వద్దనేటోళ్ల మాట చిన్నదే: ఎద్దుమైలారంల తయారయ్యే బీఎంపీ-2 యుద్ధ బండి పద్నాలుగు టన్నులు, వెనక ఏడుగురికే జాగ, నీళ్లల్ల గంటకు 7 కిలోమీటర్లు. 2023 జులైల భూపాలపల్లి దిక్కు మోరంచపల్లిని ముంచిన వాగు ఉరవడికి అది ఆగది, ఆ దినం హెలికాప్టర్లే రావాల్సొచ్చింది. నిజమే. 2018ల మిస్సోరిల టూరిస్టుల డక్ మునిగి 17 మంది పోయిన్రని కూడ చెప్తరు, అది తుఫాను గాలిల సరస్సుల, పైకప్పు అడ్డమై మనుషులు బయటికి రాలేని కేసు. నయీంనగర్ నాలా పొంగి ఇండ్లల్ల నిలిచేటి నడుం లోతు నీళ్లకు ఉరవడేది? ఫిరంగి ఉన్న బీఎంపీనే కావాలని ఎవరడిగిన్రు, రోబ్లింగ్ మొదట కట్టినసొంటి తేలిక రేకు బండ్లు రెండు, ఫైర్ స్టేషన్ల ఉంటే సాలు.