హెరాల్డ్‌కి వెనక తలుపు రబ్బరు ఎందుకు దొరకదు?

చిత్తూరులో వేలూరు రోడ్డు పక్కన ఒక షెడ్డు ఉంది. అందులో మా మామ పాత కారు స్టాండర్డ్ హెరాల్డ్ మూడేళ్లుగా నడిచిన రోజులు తక్కువ, రాళ్ల మీద నిలబడిన రోజులు ఎక్కువ. ముందు తలుపుల రబ్బరు బీడింగు ఇంగ్లండ్ నుంచి పార్సిల్లో వచ్చింది. వెనక తలుపులది రాలేదు, రాదు కూడా. ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ పేరుతో అమ్మిన హెరాల్డ్‌కి వెనక పక్కన తలుపులే లేవు మరి. నాలుగు తలుపుల హెరాల్డ్ మద్రాసు పక్కన వండలూరులో మాత్రమే తయారైంది, 1960ల చివర్లో.

పాత కారు బాగుచేసుకునేవాళ్లంటే ఫారిన్ సామాను పిచ్చోళ్లని మా వైపు ఒక ఎకసెక్కం ఉంది. పిచ్చి కొంచెం ఉన్నమాట నిజమే. అయినా 150 కిలోమీటర్ల దూరంలో పుట్టిన కారుకి సముద్రం అవతల సామాను వెతకాల్సి రావడం పిచ్చివల్ల జరిగింది కాదు.

1949లో ప్రభుత్వం పూర్తిగా బిగించిన కార్ల దిగుమతి ఆపేసింది. 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసు మీద ఇంకో అడుగు వేసింది: విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్మితే కుదరదు, తయారీ కూడా ఇక్కడే మొదలుపెట్టాలి. జనరల్ మోటార్స్, ఫోర్డ్ సర్దుకుని వెళ్లిపోయాయి. హిందుస్తాన్ మోటార్స్ అంబాసిడర్ చేసింది, ప్రీమియర్ ఫియట్ చేసింది, వండలూరు స్టాండర్డ్ 1961 నుంచి హెరాల్డ్ చేసింది. మూడూ పరదేశం అచ్చుల మీద పుట్టినవే. కాలం గడిచేకొద్దీ ఒక్కో పార్టు దేశీ అయింది. కరెంటు సామానుకి లూకాస్ వాళ్లు టీవీఎస్‌తో కలిసి మద్రాసు పాడిలో ఫ్యాక్టరీ పెట్టారు. ఆ 1953 అక్టోబరు దాకా చిత్తూరు మద్రాసు రాష్ట్రంలోదే. రాష్ట్రాల గీత మారినా స్పేర్లకి మాత్రం మావాళ్లు పొద్దున బస్సెక్కి మద్రాసు వెళ్లి రాత్రికి తిరిగొచ్చేవాళ్లు. అక్కడ దొరక్కపోతే లేత్ మేస్త్రీ ఉండనే ఉన్నాడు.

హెరాల్డ్ కథలో ఇంకో మలుపు బ్రిటన్‌లో ఉంది. అక్కడి స్టాండర్డ్ కంపెనీకి బాడీలు చేసిపెట్టే ఫిషర్ అండ్ లడ్లో కంపెనీని 1953లోనే పోటీదారు బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) కొనేసింది. కొత్త కారుకి ఛాసిస్ (అడుగు చట్రం), బాడీ కలిపి ఒకటిగా ఒత్తిచ్చే మనిషి లేకుండా పోయాడు. సరేనని పాత పద్ధతికే వెళ్లారు: కింద విడిగా ఛాసిస్, దాని మీద ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించే బాడీ. ఇటలీకి చెందిన జొవాన్ని మికెలొట్టి రూపం గీశాడు. 1959లో కారు వచ్చింది. బానెట్టు మడ్‌గార్డులతో సహా ముందుకు వాలిపోతుంది, ఇంజన్ మొత్తం నడుము దాకా బయటపడుతుంది. దానిమీద పనిచేసిన మేస్త్రీ ఎవరినడిగినా మొదట చెప్పేది ఆ సుఖం గురించే.

అప్పుడు గతిలేక చేసిన పని ఇప్పుడు కలిసొచ్చింది. తుప్పు పట్టిన ముక్క వరకు విప్పి, కొత్త ముక్క తెచ్చి బిగిస్తే సరిపోతుంది. అంబాసిడర్‌కైతే అంత తేలిక కాదు, కోసి వెల్డింగ్ పెట్టాల్సిందే.

ముక్క చేసేవాడంటూ ఉండాలి కదా. బ్రిటన్‌లో హెరాల్డ్ 1971లో ఆగిపోయింది. మన దగ్గర 1972లో దాని పేరు గెజెల్‌గా మారి, ఆ దశకంలోనే అదీ ఆగింది. 1985లో కంపెనీ స్టాండర్డ్ 2000 అని పెద్ద కారు దించింది. మారుతీ వచ్చి అప్పటికే రెండేళ్లు. పెద్ద కారు ఆడలేదు, కొన్నేళ్లకి వండలూరు ఫ్యాక్టరీ మూతపడింది. రెండు చోట్లా కార్లు ఆగాయి. అక్కడ సామాను మిగిలింది, ఇక్కడ మిగల్లేదు. తేడా యజమానుల్లో ఉంది. బ్రిటన్‌లో హెరాల్డ్, స్పిట్‌ఫైర్ కార్లు ఉన్నవాళ్లు 1977లోనే ట్రయంఫ్ స్పోర్ట్స్ సిక్స్ క్లబ్ పెట్టుకున్నారు. పాత అచ్చులతో పాత కార్ల సామాను మళ్లీ చేయించడానికి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ 1975లో మొదలైంది. 1988లో వాళ్లు ఎంజీబీ కారుకి ఏకంగా కొత్త బాడీ షెల్ ఒత్తి అమ్మారు. మన దగ్గర అదే కాలంలో పాత కారు అంటే సెకండ్ హ్యాండ్ బేరం, ఆ తర్వాత మద్రాసు పుదుపేట పాత ఇనుము బజారులో తూకం. అప్పట్లో హెరాల్డ్‌ని ఇనుము ధరకి ఇచ్చేసినవాళ్లు మా బంధువుల్లోనే ఇద్దరున్నారు. వాళ్లని తప్పుపట్టలేను. ఆరుగురు ఉండే ఇంట్లో నడవని కారు పెట్టుకుని ఏం చేస్తారు?

ఇక "ఇంపోర్టెడ్" అనే మాట. షెడ్డులో దానికి భలే మర్యాద. లోకల్‌గా చేస్తే డూప్లికేటు, అదే విదేశీ డబ్బాలో వస్తే రీప్రొడక్షన్. నిజానికి ఇంగ్లండ్ కొట్టువాడు అమ్మే సామానంతా ఇంగ్లండ్‌ది కాదు. తైవాన్, చైనా, ఇండియా అన్నిచోట్లా చేయించి తెప్పించుకుంటాడు. మారిస్ మైనర్ బాడీ ముక్కలు శ్రీలంకలో ఒత్తి బ్రిటన్‌కి పంపారు. ఇటలీ లాంబ్రెట్టా స్కూటర్ల తయారీ యంత్రాలు 1970ల్లో లక్నో స్కూటర్స్ ఇండియాకి వచ్చాక, యూరప్ లాంబ్రెట్టా పిచ్చోళ్లు స్పేర్ల కోసం మన వైపు చూశారు. మా మామకి వచ్చిన పార్సిల్లో ఒక డబ్బా అడుగున సన్న అక్షరాలతో "మేడ్ ఇన్ ఇండియా" అని ఉంది. మేస్త్రీ దాన్ని వెలుతురులో పెట్టి చదివి, "సామీ, ఇది మనూరిదే, విమానమెక్కి తిరిగొచ్చింది" అన్నాడు.

సామాను నాణ్యత అసలు తలనొప్పి. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో గిర్రున తిరిగే చిన్న రోటర్ ఉంటుంది, బొటనవేలంత. నల్ల ప్లాస్టిక్ మీద ఇత్తడి రేకు, దాన్ని పట్టుకుని ఒక రివెట్. కొన్ని రీప్రో రోటర్లలో ఆ రివెట్ కిందికి ఎక్కువ దిగుతుంది, ప్లాస్టిక్ కూడా నాసిరకం. వేడెక్కాక కరెంటు ప్లగ్గుకి పోకుండా రివెట్ గుండా కిందున్న షాఫ్ట్‌లోకి దిగిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు చూస్తే ఏ తప్పూ కనిపించదు. మే నెలలో తిరుపతి వెళ్తుంటే పూతలపట్టు దాటాక మా కారు దగ్గి ఆగిపోయింది. గంట చల్లారాక స్టార్టయింది, మళ్లీ ఆగింది. కాయిల్ మార్చాం, కండెన్సర్ మార్చాం. చివరికి డిక్కీలో గుడ్డలో చుట్టిపెట్టిన పాత మద్రాసు రోటర్ వేస్తే చంద్రగిరి దాకా ఆగకుండా వెళ్లింది. ఈ జబ్బు బ్రిటన్‌లోనూ తెలిసిందే. రివెట్ లేకుండా ఎర్ర ప్లాస్టిక్‌తో చేసిన రోటర్లు అందుకే పుట్టాయి. మా మామ ఇప్పుడు ఎర్రది తప్ప ముట్టడు. రబ్బరు సంగతి అందరికీ తెలిసిందే, మా ఎండకి కొన్ని బీడింగులు రెండు వేసవులు ఆగవు.

సామాను దిగుమతికి దారి తెరుచుకున్నది 1991 తర్వాత. 2001 ఏప్రిల్ 1న దిగుమతుల మీద పరిమాణ ఆంక్షలు తీసేశారు, లైసెన్సు గొడవ తగ్గింది. ఖర్చు తగ్గలేదు. 2018 బడ్జెట్‌లో చాలా మోటారు విడిభాగాల సుంకం 15 శాతానికి పెరిగింది. దానిమీద సర్‌చార్జి, ఆ మొత్తం మీద జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఈ లెక్కన రవాణాతో కలిపి 10,000 రూపాయల సామానుకి 1,500 సుంకం, 150 సర్‌చార్జి, 2,097 జీఎస్టీ. మొత్తం 3,747. బేరాలాడేవాళ్లు చివర్లో నోరు తెరిచేది ఇక్కడే.

2021 జులైలో కేంద్రం 50 ఏళ్లు దాటిన బండ్లకి వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. నంబరులో వీఏ అక్షరాలు ఉంటాయి, ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్ మార్చకుండా బండి అసలు రూపంలో ఉండాలని షరతు. తుప్పుపట్టిన ఫ్లోరు తీసి అచ్చం అలాంటిదే కొత్తది వేస్తే అది మరమ్మతా, మార్పా? షెడ్డులో ఈ వాదన టీ చల్లారినా తెగదు. నా మటుకు నాకు అది మరమ్మతే.

అన్నట్టు మా కారులో పక్కా లోకల్ సరుకు ఒకటుంది, కరకంబాడిలో తయారైన బ్యాటరీ. పాత చిత్తూరు జిల్లాలోనే ఇప్పుడు టైర్లు, బ్యాటరీలు, మోటారు సైకిళ్లు తయారవుతున్నాయి, శ్రీసిటీలో ఇసుజు బండ్లు కూడా. పాత కారు తలుపు రబ్బరు మాత్రం ఎవరూ చేయరు.

వెనక తలుపు బీడింగు నమూనా ముక్క పట్టుకుని మేస్త్రీ చెన్నైలో ఒక రబ్బరు కార్ఖానాకి వెళ్లొచ్చాడు. అచ్చు చేస్తారట, కాకపోతే వంద మీటర్లకి తక్కువైతే మిషన్ పెట్టరట. ఒక కారుకి ఏడు మీటర్లు చాలు. నాలుగు తలుపుల హెరాల్డులు ఎవరెవరి దగ్గర ఉన్నాయో మామ ఇప్పుడు నోటుబుక్కులో రాసుకుంటున్నాడు. మదనపల్లెలో ఒకటి, వేలూరులో రెండు, బెంగళూరులో మూడు దొరికాయి. మాదీ కలుపుకుంటే 49 మీటర్లు.