పోలీసింగ్: ఇంగువ కట్టిన మాట

మా అమ్మ పేపర్ చదవడం జిల్లా పేజీతో మొదలుపెడుతుంది. మొన్న హన్మకొండ వార్తల్లో ఒక మాట దగ్గర ఆగి, కళ్లద్దాలు పైకి నెట్టి అడిగింది. "ఫ్రెండ్లీ పోలీసింగు అని రాసిన్రు. పోలీసులు అంటే సరిపోదారా? తోకకు ఈ ఇంగువ ఎందుకు?"

నవ్వొచ్చింది గానీ, అడిగింది సరైన మాటే. పోలీసు అంటే మనిషి, పోలీసింగ్ అంటే పని. ఊరు ఒక పద్ధతిలో నడిచేలా కనిపెట్టుకొని ఉండడం, హద్దు దాటినవాణ్ని ఆపడం. ఆ పని ఖాకీ బట్టలవాళ్లే చేయాలని లేదు. పార్కులో కూర్చున్న జంటను లేపి "మీ అమ్మానాన్నల నంబర్ ఇయ్యి" అని గద్దించే పెద్దమనిషి చేసేదీ పోలీసింగే. పేపర్లు దానికి మోరల్ పోలీసింగ్ అని పేరు పెట్టాయి. తెలుగు మాత్రం మనిషిని ఎప్పుడో అరువు తెచ్చుకుంది, పని పేరును చాలా ఏళ్లు పట్టించుకోలేదు.

గ్రీకులో పోలిస్ అంటే నగరం. పాలిటిక్స్, పాలసీ కూడా ఆ ఇంటి పిల్లలే. 1800లో స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరానికి పోలీసు చట్టం వచ్చినప్పుడు అందులో కాపలాతో పాటు వీధి దీపాలూ, వీధులు ఊడ్పించడమూ ఉన్నాయి. 1829లో రాబర్ట్ పీల్ లండన్‌లో మెట్రోపాలిటన్ పోలీసును పెట్టాక ఆ మాట వినగానే యూనిఫాం మనిషి గుర్తుకు రావడం ఎక్కువైంది. ఆ పాత అర్థం కళ్లారా చూడాలంటే మేడారం జాతరకు పోవాలి. తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో చదవడం, గద్దెల దగ్గర లైను కదిలించడం, బస్సులకు దారి చేయడం. అక్కడ దొంగను పట్టే పని కన్నా ఊరిని నడిపే పనే ఎక్కువ. దానికి మనం వాడే మాట బందోబస్తు. అదీ మనది కాదు, పారశీకం.

అంతకుముందు మనకు మాటలు లేవని కాదు. ఇక్ష్వాకుల కాలపు నాగార్జునకొండ శాసనాల్లో మహాతలవర అంటే పెద్ద హోదా. ఆ తలవరే జారుకుంటూ వచ్చి ఊరి తలారి అయ్యాడంటారు. కొత్వాల్ అంటే మూలంలో కోటను కాచేవాడు. కోట ఉన్న ఓరుగల్లు వాళ్లకు వింతగా తోచాల్సిన మాట కాదు. బ్రిటిష్ ఇండియాలో 1861 పోలీసు చట్టం వచ్చింది గానీ, మనం నిజాం రాజ్యంలో ఉన్నాం. ఇక్కడ కొత్వాలీ వేరు, ఠాణా వేరు. ఠాణాలో కూర్చునే అధికారి అమీన్. మా తాత చనిపోయేదాకా ఎస్సైని అమీన్ సాబు అనే అన్నాడు.

ఊళ్లో అసలు పోలీసింగ్ అమీన్‌ది కాదు, పోలీసు పటేల్‌ది. లెక్కలు పట్వారీ చేతిలో, పన్ను వసూలు మాలీ పటేల్ చేతిలో, శాంతిభద్రతలు పోలీసు పటేల్ చేతిలో ఉండేవి. ముగ్గురివీ తాతల నుంచి వచ్చే కొలువులే. పోలీసు పటేల్‌కు యూనిఫాం లేదు, లాఠీ అక్కర్లేదు. ఊరికి కొత్తమనిషి వస్తే ఆయనకు తెలియాలి, ఎవడి మేక పోయినా ఆయన అరుగు ముందే నిలబడాలి. అమీన్ ఊరికి వస్తే కోళ్లు, బియ్యం, బండి సమకూర్చే పని మాత్రం వెట్టివాళ్ల మీద పడేది. కనిపెట్టుకొని ఉండడం, భయపెట్టి ఉంచడం ఒకే మనిషి చేతిలో కలిసిపోయిన కాలం అది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఈ కొలువులను రద్దు చేసింది. పదవి పోయినా, ఆ ఇళ్లను పోలీసు పటేలోళ్ల ఇల్లు అని పిలవడం కొన్ని ఊళ్లలో పోలేదు.

ఈ మాట మీద ఇంకో పొర 1948 నాటిది. సెప్టెంబరు 13న భారత సైన్యం ట్యాంకులతో హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోతున్నట్టు ప్రకటించాడు. నడిపింది మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి, వచ్చింది మిలిటరీ, పేరేమో పోలీస్ యాక్షన్. యుద్ధం అంటే రెండు దేశాల మధ్య జరిగేది అవుతుంది, పైగా నిజాం ప్రభుత్వం అప్పటికే భద్రతామండలి దాకా పోయింది. పోలీసు అంటే ఇంటి గొడవ, బయటివాళ్లకు పని లేదు. ఈ ఉపాయం మనవాళ్లే కనిపెట్టలేదు. 1947లో ఇండోనేషియా మీదికి సైన్యాన్ని పంపిన డచ్చివాళ్లూ దానికి ఇదే పేరు పెట్టుకున్నారు. మన దగ్గర మాత్రం అది క్యాలెండరు అయిపోయింది. "పోలీస్ యాక్షన్ అప్పుడు నేను చంకల పిల్లను" అని వయసు చెప్పిన ముసలమ్మలను చాలామందిని చూశాను.

ఆ తర్వాతి కథ ఉత్తర తెలంగాణకు చెప్పక్కర్లేదు. 1978 అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలిత ప్రాంతాలయ్యాయి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద కాల్పులు జరిగాయి. 1989లో నక్సలైట్ల మీదికి గ్రేహౌండ్స్ అనే ప్రత్యేక పోలీసు దళం వచ్చింది. రాత్రి ఎవరికి అన్నం పెట్టినవ్ అని పొద్దున ఖాకీలు, పొద్దున ఏం చెప్పినవ్ అని రాత్రి అన్నలు. రెండు దిక్కుల నుంచీ పోలీసింగే, పేరు ఒక్కరికే ఉంది. ఎన్‌కౌంటర్ అనే మాట తెలుగు క్రియ అయిపోయింది అప్పుడే. "ఎన్‌కౌంటర్ అయిండు" అంటే ఎవరూ అర్థం అడగరు.

అందుకే 2014లో కొత్త రాష్ట్రం వచ్చాక ముందు ఫ్రెండ్లీ అని చేర్చాల్సి వచ్చిందని నా లెక్క. ఇంగువ కట్టిన గుడ్డను ఎన్నిసార్లు ఉతికినా వాసన ఉంటుంది కదా. ఫ్రెండ్లీ పోస్టాఫీసు అనీ, ఫ్రెండ్లీ కరెంటాఫీసు అనీ ఎవరూ బోర్డు పెట్టరు. 2015లో వరంగల్‌కు కమిషనరేట్ వచ్చింది. అయితే హైదరాబాద్ నగర పోలీసు చట్టం పేరులో ఇప్పటికీ నిజాం కాలపు సంవత్సరాల లెక్కే ఉంది, 1348 ఫస్లీ అని. కొత్త కమిషనరేట్ల ఆంక్షల వార్తల్లోనూ సిటీ పోలీస్ యాక్ట్ అనే కనిపిస్తుంది. స్టేషన్ బోర్డు మీద రక్షకభట నిలయం అని రాసినా, ఆటో ఎక్కి ఆ మాట చెప్పి చూడండి.

ఇంగ్లిష్‌లో ఈ మాట ఇప్పుడు నాలుక మీదికి కూడా వచ్చింది. ఎదుటివాడి మాటను పట్టి పట్టి దిద్దడాన్ని భాషా పోలీసింగ్ అంటున్నారు. నాకు దీని పేరు తెలియకముందే దెబ్బ తెలుసు. ఏడో తరగతిలో బతుకమ్మ మీద వ్యాసం రాస్తూ "ఆడోళ్లందరు చెరువుకు పోయిన్రు" అన్నాను. సారు పోయిన్రు కింద ఎర్ర గీత గీసి, పైన వెళ్లారు అని రాసి, ఇంటి భాష ఇంట్లో పెట్టి రమ్మన్నాడు. కాగితం చిరిగేంత గట్టిగా గీశాడు. మా హన్మకొండలోనే ఉండి కవి కాళోజీ జీవితమంతా కొట్లాడింది ఈ ఎర్ర గీతతోనే. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9న ఇప్పుడు తెలంగాణ భాషా దినోత్సవం, అదే బడుల్లో.

ఇదంతా అమ్మకు చెబుతుంటే పక్కన హోంవర్క్ చేసుకుంటున్న మా మేనకోడలు తలెత్తింది. "అమ్మమ్మా, పోలీసింగు కాదు, పోలీసింగ్ అనాలి."

"అబ్బో, వచ్చిందమ్మా అమీన్ సాబు" అని అమ్మ పేజీ తిప్పింది.